చక్రపు వెడల్పు కథ: ఇనుప పట్టా నుండి గాలి టైరు దాకా

అనకాపల్లి నుండి చోడవరం మీదుగా ఉత్తరానికి సాగిన బాట దేవరాపల్లి చేరుతుంది. ఆ ఊరికి ఆవల తూర్పు కనుమల వరుస మొదలవుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన శారదానది నీటిని నిలిపే రైవాడ జలాశయం ఈ మండలంలోనిదే. నీరున్న చోట చెరకు పండుతుంది. చెరకున్న చోట బెల్లం వండుతారు. వండిన బెల్లం అనకాపల్లి మార్కెట్టుకు చేరవలె. చేర్చే భారమంతా చక్రానిదే. తడి పొలం గట్టు, ఇసుక రేవు, గులకరాళ్ల బాట, తారు రోడ్డు, కొండ మలుపు ఇవన్నీ కొద్ది మైళ్ల దూరంలోనే ఎదురయ్యే ఇటువంటి ప్రాంతంలో చక్రం ఎంత ఎత్తుండవలె, ఎంత వెడల్పుండవలె అన్న ప్రశ్న పండితుల చర్చకే పరిమితం కాదు. ఒకనాడు ఆ ప్రశ్నకు జవాబు ఎడ్ల మెడలు చెప్పినవి. నేడు పాత జీపుకో, పాత పికప్ బండికో కొత్త టైర్లు వేయించదలచిన యజమాని ఆ ప్రశ్ననే ఎదుర్కొంటున్నాడు. వెడల్పు టైరు వేస్తే బండి అందంగా ఉంటుందని, పట్టు పెరుగుతుందని అతనికి చెప్పేవారు చాలామంది. ఆ మాటలో నిజం కొంత, అపాయం కొంత ఉన్నవి. రెండింటినీ వేరు చేసి చూడడానికి చక్రం నడిచి వచ్చిన దారిని ఒకసారి వెనుదిరిగి చూడడం మంచిది.

చెక్క చక్రం, ఇనుప పట్టా

మన ఎడ్లబండి చక్రాన్ని పరిశీలించండి. నడుమ ఇరుసు దూరే లావుపాటి దిమ్మ. దాని చుట్టూ ఆకులు. ఆకుల కొసలను కలుపుతూ పూటీలు. పూటీలన్నిటినీ బిగించి పట్టే ఇనుప పట్టా. తుమ్మవంటి గట్టి కలపతో వడ్రంగి చక్రాన్ని కూర్చిన పిమ్మట దానికి పట్టా తొడగడం కమ్మరి పని.

కమ్మరి పట్టాను చక్రం చుట్టుకొలత కంటె కొంచెం చిన్నదిగానే చేస్తాడు. పిడకల మంటలో దాన్ని ఎర్రగా కాల్చి, సాగి ఉండగా చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తాడు. ఇనుము ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే తన పొడవులో సుమారు లక్షకు 1.2 వంతు సాగుతుంది. ఇది చాలా స్వల్పంగా తోచవచ్చు. కాని అయిదడుగుల వ్యాసం గల చక్రపు చుట్టుకొలత సుమారు 188 అంగుళాలు. అటువంటి పట్టాను 500 డిగ్రీలు వేడిచేస్తే ఒక అంగుళం పైచిలుకు సాగుతుంది. చల్లారినప్పుడు అంత మేరా ముడుచుకొని, పూటీలను, ఆకులను నడిమి దిమ్మలోకి అదిమి పెడుతుంది. మేకు ఒక్కటీ లేకుండానే చక్రమంతా ఒకే ముద్ద అవుతుంది. పదార్థాల వ్యాకోచాన్ని గూర్చి పుస్తకం చదువని కమ్మరి ఆ సూత్రాన్ని తన సుత్తితో తరతరాలుగా వాడుకొన్నాడు.

ఎడ్లబండి చక్రం అంత ఎత్తుగా ఉండడానికి కూడ కారణం ఉన్నది. గట్టి చక్రం ఒక రాయిని ఎక్కవలెనంటే ఇరుసు వద్ద కొంత బలంతో లాగవలె. చక్రపు వ్యాసార్ధం 75 సెంటీమీటర్లు, రాయి ఎత్తు 5 సెంటీమీటర్లు అనుకొందాం. లెక్క వేస్తే ఆ చక్రంపై ఉన్న బరువులో సుమారు 38 వంతుల శాతం బలం కావలసి వస్తుంది. వ్యాసార్ధం దానిలో సగానికి తగ్గి, 37.5 సెంటీమీటర్లు అయితే అదే రాయిని ఎక్కడానికి సుమారు 58 శాతం బలం కావలె. గతుకుల బాటలో ఎత్తైన చక్రం ఎడ్లకు మేలు చేసేది ఇందువల్లనే.

వెడల్పు తగాదా

ఎత్తు సంగతి ఇట్లుండగా, వెడల్పు విషయంలో రైతుకు, బాట వేసేవానికి ఎన్నడూ పొసగలేదు. సన్నని పట్టా గల చక్రం తేలికగా ఉంటుంది. చేయించడానికి ఖర్చు తక్కువ. గట్టి నేలపై చక్కగా దొర్లుతుంది. కాని బరువంతా సన్నని గీత మీద పడడంవల్ల బాటను కోసివేస్తుంది. వెడల్పు చక్రం బాటను కాపాడుతుంది; కాని దాని బరువు, ఖరీదు రెండూ ఎక్కువే.

ఈ తగాదా ఒక్క మన దేశంలోనే పుట్టినది కాదు. ఇంగ్లండులో సుంకాల బాటలు పాడైపోతున్నవని 1753లో పార్లమెంటు ఒక చట్టం చేసినది. బరువైన సరకుల బండ్ల చక్రాలు 9 అంగుళాల వెడల్పు ఉండవలెనని దాని నిబంధన. వెడల్పు చక్రాలకు సుంకాలలో రాయితీలు కూడ కల్పించినారు. కాని చట్టం వెడల్పును కోరినదేగాని, ఆ వెడల్పంతా నేలను సమంగా తాకవలెనని ఆనాడు ఎవరికి తోచినది? చక్రాలను శంకువు ఆకారంలో చేసినారు. శంకువు తనంతట తాను దొర్లితే వలయంగా తిరుగుతుంది. ఇరుసుకు కట్టి దాన్ని తిన్నగా నడిపిస్తే ఒక అంచు ముందుకు జారుతూ, వేరొక అంచు వెనుకకు ఈడ్చుకొంటూ రాళ్లను పిండి చేస్తుంది. 18వ శతాబ్ది చివర అలెగ్జాండర్ కమ్మింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ దోషాన్ని ఎత్తి చూపి, చక్రం స్తంభాకారంలో ఉండవలెనని వాదించినాడు. కొలబద్దపై కనిపించే వెడల్పు వేరు, నేలపై పనిచేసే వెడల్పు వేరు అన్న పాఠం ఆనాటిదే. టైర్లు కొనేవారికి నేటికీ అది పనికివచ్చే పాఠం.

తరువాత ఫ్రాన్సు దేశపు ఇంజనీర్లు ఈ సమస్యను ప్రయోగశాలకు తెచ్చినారు. 1837 నుండి కొన్ని సంవత్సరాలపాటు ఆర్థర్ మొరాన్, జూల్ ద్యుపుయి అనేవారు రకరకాల బండ్లను రకరకాల నేలలపై లాగించి, పట్టే బలాన్ని కొలిచినారు. చక్రం పెద్దదయ్యేకొద్దీ లాగవలసిన బలం తగ్గుతుందని ఇద్దరూ ఒప్పుకొన్నారు. కాని అది వ్యాసార్ధానికి విలోమంగా తగ్గుతుందని మొరాన్, వ్యాసపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుందని ద్యుపుయి పట్టుబట్టినారు. వెడల్పును గూర్చి మొరాన్ తేల్చిన విషయం మనకు ముఖ్యం. మెత్తని నేలపై వెడల్పు పెరిగితే లాగే బలం తగ్గుతుంది. రాతి బాటవంటి గట్టి నేలపై వెడల్పు పెరిగినందువల్ల లాగే బలంలో లాభం లేదు. అనగా సరియైన వెడల్పు ఎంత అన్న ప్రశ్నకు నేలను చూడకుండా జవాబు చెప్పడం సాధ్యం కాదు.

మన దేశంలో మోటారు బండ్లు పెరిగిన పిమ్మట ఈ తగాదా మరింత ముదిరినది. ఒకే బాటపై మోటారూ, ఇనుప పట్టాల ఎడ్లబండీ నడువవలసి వచ్చినది. మోటారు చక్రం బాటపై పొడిని లేపుతుంది. ఇనుప పట్టా బాటను చాలు తీసినట్లు కోస్తుంది. 1927లో ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన రోడ్ల అభివృద్ధి సంఘం బాటల స్థితిని పరిశీలించినది. దాని సిఫారసుల ఫలితంగా 1929లో కేంద్ర రోడ్ల నిధి, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ఏర్పడినవి. బాటను చక్రానికి తగినట్లు మార్చడమా, చక్రాన్ని బాటకు తగినట్లు మార్చడమా అన్నది ఇంజనీర్ల ముందున్న ప్రశ్న. రెండవ దానికి జవాబు అప్పటికే పుట్టి ఉన్నది.

గాలిని బంధించిన గొట్టం

స్కాట్లండుకు చెందిన రాబర్ట్ విలియం థాంసన్ 1845లో, తన ఇరవైమూడవ ఏట, గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందినాడు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టం లోపల, తోలు తొడుగు పైన. 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో గుర్రపు బండికి వాటిని తగిలించి చూపినాడు. బండి చప్పుడు లేకుండా, తేలికగా నడిచినది. అయినా ఆ కల్పన నిలువలేదు. తగిన పలుచని రబ్బరు అప్పటికి దొరకలేదు; అటువంటి చక్రాన్ని కోరే వేగమైన వాహనమూ అప్పటికి లేదు.

నలుబది సంవత్సరాలు గడిచినవి. 1887లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కొరకు గాలి గొట్టం తయారుచేసినాడు. థాంసన్ సంగతి అతనికి తెలియదు. 1888లో అతనికి లభించిన పేటెంటు థాంసన్ పాత పేటెంటు కారణంగా తరువాత చెల్లకపోయినా, ఈసారి టైరు మాత్రం నిలిచినది. సైకిలు అప్పటికి లోకమంతా వ్యాపిస్తున్నది. 1895లో ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు పోయి తిరిగివచ్చే పందెంలో మోటారు కారును గాలి టైర్లపై నడిపి చూపినారు.

గాలి టైరు చేసే పని ఏమిటి? బరువును మోసేది రబ్బరు అని చాలామంది అనుకొంటారు. నిజానికి మోసేది గాలి. రబ్బరు, దాని లోపలి దారపు పొరలు ఆ గాలిని బంధించే సంచి మాత్రమే. కావున టైరు నేలను తాకే వైశాల్యాన్ని మనం సుమారుగా లెక్క కట్టవచ్చును. చక్రంపై ఉన్న బరువును గాలి పీడనంతో భాగిస్తే చాలు. చక్రంపై 500 కిలోల బరువున్నది, గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు అనుకొందాం. అప్పుడు టైరు దాదాపు 238 చదరపు సెంటీమీటర్ల మేర నేలపై పరచుకొంటుంది. అదే బరువు 5 సెంటీమీటర్ల వెడల్పు గల ఇనుప పట్టాపై పడి, పట్టా గట్టి నేలను 2 సెంటీమీటర్ల పొడవున తాకిందనుకొందాం. అక్కడ వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లే. పీడనం చదరపు సెంటీమీటరుకు 50 కిలోలు. బాట ఎందుకు కోసుకొని పోయేదో ఈ రెండు అంకెలే చెప్పుతున్నవి.

ఇందులో గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. గాలి పీడనం మారకుండా టైరు వెడల్పు మాత్రమే పెంచితే, నేలను తాకే వైశాల్యం పెద్దగా మారదు. దాని ఆకారం మారుతుంది. సన్నని టైరు అడుగు పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. వెడల్పు టైరు అడుగు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. వెడల్పు టైరు ఇచ్చే నిజమైన మేలు వేరు. దానిలో గాలి ఎక్కువ పడుతుంది. కావున అదే బరువును తక్కువ పీడనంతో మోయగలదు. అట్లు గాలి తగ్గించినప్పుడే అడుగు పెరిగి, ఇసుకలో కూరుకొనిపోకుండా కాపాడుతుంది. వెడల్పు టైరు వేసి, పాత పీడనమే నింపుకొనేవారు ఖర్చు పెట్టినంత ఫలం పొందలేరు.

టైరు బండి

డన్‌లప్ పేరు మన పల్లెలకు కారు ద్వారా కాక, ఎడ్లబండి ద్వారా చేరినది. 1936లో బెంగాలులోని హుగ్లీ ఒడ్డున సాహాగంజ్ వద్ద ఆ కంపెనీ టైర్ల కర్మాగారం స్థాపించినది. గాలి టైర్లు, ఉక్కు గుళ్ల బేరింగులు గల బండి ప్రచారంలోకి వచ్చి, 'డన్‌లప్ బండి', 'టైరు బండి' అన్న పేర్లు తెలుగులో నిలిచిపోయినవి. ఈ బండ్లకు వాడే టైర్లలో 6.00-19, 7.00-19, 8.00-19 అనే కొలతలు ప్రసిద్ధమైనవి.

ఈ చక్రం చెక్క చక్రం కంటె ఎత్తు తక్కువ. మొదట చెప్పిన లెక్క ప్రకారం రాయిని ఎక్కడం దీనికి కష్టం కావలె. కాని గాలి టైరు చిన్న రాయిని ఎక్కదు, మింగుతుంది. రాయి తాకిన చోట మాత్రం లోపలికి వంగి, బండిని పైకి ఎత్తకుండానే దాటిపోతుంది. బండిని ఎత్తవలసిన పని తప్పినందున ఎడ్లకు శ్రమ తగ్గుతుంది. కాడి ద్వారా మెడపై పడే కుదుపూ తగ్గుతుంది. తారు రోడ్డుపై గాలి టైరు దొర్లడానికి బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుల బలం చాలు. వదులు ఇసుకలో అది నూటికి ముప్పై వంతుల దాకా పోవచ్చును. ఒకే జత ఎడ్లు మంచి బాటపై సునాయాసంగా లాగిన బరువు నది రేవులో కదలకపోవడం ఇందువల్లనే.

అయితే టైరు బండితో చిక్కులూ వచ్చినవి. పంక్చరు పడితే అతికేవాడు కావలె, గాలి కొట్టే పంపు కావలె, ఖరీదు ఎక్కువ. అందుచేత చాలా చోట్ల చెక్క చక్రం చిరకాలం నిలిచినది. 1970 దశాబ్దిలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు డైరెక్టరుగా ఉన్న ఆచార్య ఎన్. ఎస్. రామస్వామి ఎడ్లబండి సంస్కరణను జాతీయ సమస్యగా గుర్తించి కృషి చేసినారు. కాడి రూపం, చక్రం, బేరింగు మూడూ మారితే పశువు బాధ తగ్గి, సరకు పెరుగుతుందని ఆయన వాదం. చక్రపు కొలత ఒక జీవి మెడమీది పుండుతో ముడిపడిన విషయమని ఆయన కృషి అందరికీ గుర్తుచేసినది.

అంకెల వెనుక చరిత్ర

టైరు పక్కభాగంపై ముద్రించిన అంకెలు కొత్తవారికి మంత్రాక్షరాలవలె కనిపిస్తాయి. వాటిని కాలక్రమంలో చదివితే అర్థం తేలిక.

ఫోర్డు కంపెనీ 'టి' నమూనా కారుకు తొలి రోజులలో ముందు 30×3, వెనుక 30×3½ టైర్లు ఉండేవి. ఇందులో మొదటి అంకె టైరు మొత్తం వ్యాసం, రెండవది దాని లావు, రెండూ అంగుళాలలో. రిమ్ము వ్యాసం కావలెనంటే లెక్క కట్టుకోవలె: 30 నుండి రెండు మూడున్నరలు తీసివేస్తే 23. ఈ టైర్లలో గాలి చదరపు అంగుళానికి 60 పౌండ్లకు దరిదాపు. గట్టిగా ఉండి, ప్రతి గతుకునూ కూర్చున్నవారికి తెలియజేసేవి.

1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ 'బెలూన్' టైరును తెచ్చినది. లావు ఎక్కువ, గాలి సుమారు సగం. ఇక్కడి నుండి కొలత చెప్పే పద్ధతి మారినది. 4.40-21 అంటే టైరు లావు 4.40 అంగుళాలు, రిమ్ము వ్యాసం 21 అంగుళాలు. 21కి రెండు 4.40లు కలిపితే 29.8. అనగా మొత్తం ఎత్తు దాదాపు పాత 30 అంగుళాలే! ఇంజనీర్లు రిమ్మును తగ్గించి టైరును లావు చేసినారు. మొత్తం ఎత్తును మాత్రం కదల్చలేదు. పళ్లచక్రాల లెక్క, బండి వేగం, కొండ ఎక్కే శక్తి ఆ మొత్తం ఎత్తుపై ఆధారపడి ఉండడమే కారణం.

పికప్ బండి పుట్టినది కూడ ఈ రోజులలోనే. 1925 ఏప్రిలులో ఫోర్డు కంపెనీ 'టి' నమూనాకు వెనుక సరకు పెట్టె తగిలించి కర్మాగారంలోనే తయారైన పికప్పును 281 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టినది. 1928లో 'ఎ' నమూనాకు 4.50-21, 1930లో 4.75-19, 1935 నాటికి ఫోర్డు కార్లకు 6.00-16. రిమ్ము 21 నుండి 16 అంగుళాలకు దిగినది. మొత్తం ఎత్తు లెక్కకు 30 నుండి 28 అంగుళాలకే తగ్గినది. పదేండ్ల ఈ పరిణామమంతా ఒకే సూత్రంపై నడిచినది: గాలి పెంచు, పీడనం తగ్గించు, ఎత్తు కాపాడు.

ఈ 6.00-16 కొలతనే రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విల్లీస్ జీపుకు వాడినారు. దాని రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. యుద్ధం ముగిసిన పిమ్మట, 1945లో స్థాపితమై తరువాత మహీంద్రా అండ్ మహీంద్రా అయిన కంపెనీ, 1940 దశాబ్ది చివర బొంబాయిలో జీపులను కూర్చడం ఆరంభించినది. ఆ జీపులు, వాటి నుండి పుట్టిన సరకు బండ్లు దేశమంతటా వ్యాపించినవి. విశాఖ మన్యపు కొండబాటలపై జీపు చిరకాలం మనుష్యులకూ సరకులకూ ముఖ్య వాహనమైనది. మన ప్రాంతంలో 'పాత బండి' అనగానే 6.00-16 టైరు గుర్తుకు రావడం వింత కాదు.

రిమ్ము వెడల్పు ఎందుకు?

టైరు కొలతలో రిమ్ము వ్యాసం ఉన్నది. రిమ్ము వెడల్పు లేదు. పొరబాట్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడనే. 16 అంగుళాల రిమ్ముకు 16 అంగుళాల టైరు ఏదైనా ఎక్కుతుంది. ఎక్కినంత మాత్రాన సరిపోయినట్లు కాదు.

సామాన్యంగా పాత పద్ధతి టైర్లకు రిమ్ము వెడల్పు టైరు లావులో నూటికి 75 వంతులకు అటూఇటుగా ఉండవలె. 6.00కు 4½ అంగుళాలు సరిగా ఈ లెక్కకు వస్తుంది. 7.00-16 టైరుకు 5½ అంగుళాల రిమ్ము తగినది. ఇరుకు రిమ్ముపై లావు టైరును ఎక్కిస్తే దాని రెండు అంచులూ దగ్గరకు నొక్కుకొని, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. అప్పుడు మధ్యభాగం మాత్రమే నేలను తాకి త్వరగా అరుగుతుంది. ఇంగ్లండులోని తొమ్మిది అంగుళాల చక్రాలవలెనే, కొన్న వెడల్పు ఒకటి, పనిచేసే వెడల్పు మరొకటి అవుతుంది. అంతకంటె ముఖ్యం, మలుపులో బండి ఒక వైపు ఊగుతుంది. టైరు పక్కలకు తగిన ఆధారం ఉండదు. బరువుతో కొండ దిగుతున్న బండికి ఇది ప్రమాదకరం. మరీ వెడల్పు రిమ్ముపై సన్నని టైరు వేస్తే పక్కలు సాగి బిగుసుకొంటాయి. రెండు అంచులు అరుగుతాయి. రాయి తగిలితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది.

నేటి టైర్లపై 215/75 ఆర్ 15 వంటి కొలతలు కనిపిస్తాయి. 215 అంటే టైరు లావు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కభాగపు ఎత్తు ఆ లావులో నూటికి 75 వంతులు. ఆర్ అంటే రేడియల్. అనగా లోపలి దారాలు ఒక అంచు నుండి మరొక అంచుకు అడ్డంగా, తిన్నగా సాగినవి. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు పొంది, 1949లో మార్కెట్టులోకి తెచ్చిన పద్ధతి ఇది. అంతకు ముందటి టైర్లలో దారాలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి దాటుతూ ఉండేవి. చివరి 15 రిమ్ము వ్యాసం, నేటికీ అంగుళాలలోనే. మొత్తం ఎత్తు లెక్క కడదాం: 215లో 75 వంతులు 161, రెండు పక్కలకు 322, 15 అంగుళాలు 381, మొత్తం సుమారు 703 మిల్లీమీటర్లు. ఈ లావుకు ప్రామాణికంగా ఎంచిన రిమ్ము వెడల్పు 6 అంగుళాలు. పాత జీపు నాలుగున్నర అంగుళాల రిమ్ముతో దీనికి పొత్తు కుదరదని వెంటనే తెలుస్తున్నది.

పాత బండికి టైరు ఎంచుకొనే క్రమం

దేవరాపల్లివంటి చోట పాత పికప్పును నిలబెట్టుకోదలచినవారు ఈ చరిత్ర నుండి గ్రహింపదగిన క్రమం ఇది.

మొదట బరువు. బండి నిండుగా ఉన్నప్పుడు ఒక్కొక్క చక్రంపై పడే బరువెంతో తెలుసుకోవలె. సరకు పెట్టె వెనుక ఉంటుంది కావున భారం ఎక్కువగా వెనుక చక్రాలదే. నేటి టైరుపై బరువును సూచించే అంకె ఒకటి ఉంటుంది: 88 అంటే 560 కిలోలు, 100 అంటే 800 కిలోలు. కారు కొరకు చేసిన అందమైన వెడల్పు టైరు ఈ పరీక్షలో తప్పిపోవచ్చును. పాత టైర్లపై పొరల సంఖ్య ఉండేది. మొదట అది నిజంగా నూలు పొరల లెక్క. తరువాత గట్టి దారాలు వచ్చిన పిమ్మట బలాన్ని తెలిపే గుర్తుగా మిగిలినది.

రెండవది మొత్తం ఎత్తు. 6.00-16 టైరు ఎత్తు కొలిస్తే సుమారు 73 సెంటీమీటర్లు, 7.00-16 సుమారు 77½. తేడా నూటికి ఆరు వంతులు. పెద్ద టైరు వేస్తే వేగం చూపే ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు బండి దాదాపు 64 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అంతేకాదు, చక్రం నేలను తోసే బలం అదే ఆరు వంతులు తగ్గుతుంది. ఆపేటప్పుడు బ్రేకుకు పని అంతే పెరుగుతుంది. చిన్న డ్రమ్ము బ్రేకులు గల పాత బండి బరువుతో కొండ దిగేటప్పుడు ఈ ఆరు వంతులు చిన్నవి కావు. బురదలో నేలకు బండి అడుగుకు మధ్య రెండు సెంటీమీటర్ల ఎత్తు లాభించడం దీనిలోని మేలు. ఏది కావలెనో బండి నడిచే దారి నిర్ణయించవలె.

మూడవది రిమ్ము వెడల్పు. టైరు తయారుచేసినవారు అనుమతించే రిమ్ము వెడల్పుల పట్టిక చూచి, ఆ హద్దులలోనే ఉండవలె. రిమ్ము అర అంగుళం వెడల్పయితే అదే టైరు లావు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుందని కూడ గుర్తుంచుకోవలె. పట్టీలకు, మడ్‌గార్డుకు, తిప్పినప్పుడు స్టీరింగు కడ్డీలకు టైరు తగలకుండా చోటు ఉన్నదా అని చూచుకొనేటప్పుడు ఇది పనికివస్తుంది.

నాలుగవది చక్రం బిగిసే స్థానం. పాత జీపుకు అయిదున్నర అంగుళాల వలయంపై అయిదు బోల్టులు. బోల్టులు సరిపోయిన వెడల్పు రిమ్ము చాలా బయటకు పొడుచుకొని వస్తే, బరువు పడే గీత బేరింగుల నుండి దూరమవుతుంది. తులాదండం పొడవు పెంచినట్లే బేరింగులపైన, కింగ్‌పిన్నులపైన భారం పెరుగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, గతుకు తగిలినప్పుడు చేతులలో గట్టిగా తిరగబడుతుంది.

అయిదవది టైరు జాతి. ఒకే ఇరుసుకు ఒక పక్క రేడియల్, ఒక పక్క ఏటవాలు దారాల టైరు ఎన్నడూ వేయరాదు. మలుపులో వాటి పట్టు వేరువేరుగా ఉంటుంది. నాలుగూ ఒకే జాతివి కావడమే మేలు. రివెట్లతో కూర్చిన, లేదా రెండు ముక్కలుగా బిగించే పాత రిమ్ములు గాలిని ఆపలేవు. వాటికి ట్యూబు తప్పదు. అరగలేదు గదా అని చాలా ఏండ్ల నాటి టైరును నమ్మరాదు. వాడకపోయినా రబ్బరు గాలికి, వేడికి పగిలిపోతుంది. టైరుపై ఉండే నాలుగు అంకెలు దాని పుట్టిన తేదీ: 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. తక్కువ దూరం తిరిగే పాత బండ్లకు ఈ పరీక్ష మరీ అవసరం.

చివరిది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తున్నది. కావున పెద్ద మార్పు తలపెట్టేవారు రవాణా కార్యాలయంలో ముందుగా విచారించడం శ్రేయస్కరం.

ఈ ఆరు పరీక్షలనూ పెట్టి చూస్తే, బెల్లమో, ఎరువులో మోస్తూ కొంత తారు రోడ్డుపై, కొంత మట్టి బాటపై తిరిగే పాత జీపు జాతి బండికి దాని పుట్టుకతో వచ్చిన 6.00-16 టైరు, 4½ అంగుళాల రిమ్ము ఇప్పటికీ తగినవేనని తేలుతుంది. సన్నని ఆ టైరు పలుచని బురదను చీల్చుకొని అడుగునున్న గట్టి నేలను అందుకొంటుంది. నిత్యం ఎక్కువ బరువు మోయవలసి వస్తే, బండికి నిర్ణయించిన పరిమితి మించకుండా, 7.00-16 టైరును 5½ అంగుళాల రిమ్ముతో కలిపి ఆలోచించవచ్చును. లోతైన ఇసుకలో తరచు తిరిగేవానికే అంతకు మించిన వెడల్పు నిజంగా అక్కరకు వస్తుంది. అతడు కూడ ఇసుక దాటగానే గాలి తిరిగి నింపుకోవలె; గాలి తక్కువైన టైరు తారు రోడ్డుపై వేగంగా దొర్లితే పక్కలు మాటిమాటికీ వంగి, లోలోపల వేడెక్కి, చివరకు పగులుతుంది.

కమ్మరి కాల్చి తొడిగిన ఇనుప పట్టా నుండి నేటి రేడియల్ టైరు దాకా చక్రపు రూపం ఎంతో మారినది. మారనివి మూడు: పైనున్న బరువు, కిందనున్న నేల, రెండింటి నడుమ పీడనం. ఎత్తు, వెడల్పు, గాలి అనే మూడు కొలతలతో వాటిని సరిపెట్టడమే చక్రం చేసేవాని విద్య, ఎంచుకొనేవాని వివేకం. టైర్ల దుకాణానికి పోయేముందు ఒక కొలత టేపు, ఒక కాగితం, బండి నిండు బరువు ఎంతో తెలిపే తూకపు చీటీ చేత పట్టుకొని పోయే యజమానికి మోసపోయే అవకాశం తక్కువ. అతని బండిలో కూర్చుని కొండ దిగేవారికి నిశ్చింత ఎక్కువ.